బొత్తాల తాళం

సోమవారం, 2

ఈ నోటుపుస్తకం కొనుక్కోమన్నది మాస్టారు.

"అమ్మాయ్, ఫారంలో తెర మీద ఏముందో రాయాలి. అది చూసి నీ మనసుకు ఏమైందో రాయకూడదు. రాయకుండా ఉండలేకపోతే ఒక పుస్తకం కొనుక్కుని ఇంటికెళ్ళి రాసుకో" అన్నారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండు గంటలు కాలేదు. మొదటి ఫారంలోనే 'కుక్కపిల్ల తప్పిపోయినప్పుడు చాలా బాధ వేసింది' అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి 'కుక్కపిల్ల తప్పిపోయింది. రెండు నిమిషాలకు దొరికింది' అని రాశారు.

కాబట్టి ఇది మనసు పుస్తకం. ఈ రోజు మనసుకు ఏమైందంటే, ఉబ్బితబ్బిబ్బైంది.

ఇంట్లో చెప్పేసరికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంతకీ నీ పనేంటే?" అన్నాడు నాన్న, చేతులకు అంటిన సిమెంటు కడుక్కుంటూ.

"టీవీ చూడటం."

"చూసి?"

"ఏది ఏ వయసు పిల్లలు చూడొచ్చో గుర్తు వెయ్యడం. అందరూ చూడొచ్చా, ఏడేళ్ళు నిండాలా, పన్నెండా, పదహారా అని. మా కంపెనీ పెట్టె టీవీకి తగిలించి ఇంట్లో పిల్లల వయసు చెప్పామనుకో, అంతకు మించిన గుర్తు ఉన్నది ఏదొచ్చినా తెర నీలంగా అయిపోతుంది. నాలుగంకెల నంబరు కొడితేనే మళ్ళీ బొమ్మ వస్తుంది. ఆ నంబరు పెద్దవాళ్ళ దగ్గరే ఉంటుంది."

"టీవీకి తాళం అన్నమాట."

"తాళమే."

"దానికి జీతం కూడానా! ఇరవై ఏళ్ళుగా గోడలు కడుతున్నాను. ఒక్క రోజు గోడ చూస్తూ కూర్చుంటే ఎవడైనా కూలిచ్చాడా నాకు?"

అమ్మ ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతోంది. సూది ఆపకుండానే అంది: "చదువుకునే రోజుల్లో టీవీ కట్టెయ్ కట్టెయ్ అని దీని వెంటపడి చంపానయ్యా. చూడనిచ్చి ఉంటే ఈపాటికి ఆ ఆఫీసుకే పెద్దయి ఉండేది."

నెలాఖరుకు సూపర్‌వైజర్ మేడమ్ చెబుతారు, ఉంచుకుంటారో పంపిస్తారో. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తీసుకోబోయే మొదటి మనిషిని నేను. అమ్మా నాన్నా బడి ముఖం చూడలేదు. అక్క రెండో తరగతిలో ఆగిపోయింది.

ఉంచుకోవాలి.

బుధవారం, 4

మా గదిని అందరూ 'వయసు గది' అంటారు. కిటికీల్లేవు. మూడు టీవీలు, మూడు కుర్చీలు, ఒక గోడ గడియారం. ఆ గడియారం నిమిషాలు, సెకన్లు చూపిస్తుంది కానీ గంటలు చూపించదు. గంటల ముల్లు ఎప్పుడో ఊడిపోయిందట. మా పనికి గంటలతో అవసరం లేదు కాబట్టి ఎవరూ బాగుచేయించలేదు.

ఒక్కో కార్యక్రమాన్ని ఇద్దరు విడివిడిగా చూస్తారు. ఇద్దరి గుర్తుల మధ్య పెద్ద తేడా వస్తే, సోమవారం మీటింగులో తేల్చేదాకా ఎక్కువ వయసు గుర్తే నిలుస్తుంది.

మాస్టారు బడి నుంచి రిటైరైనవారు. నర్సక్క పన్నెండేళ్ళు పిల్లల వార్డులో చేసింది. ఆమెకు రక్తమంటే లెక్కే లేదు. నిన్న ఒక కత్తిపోట్ల సినిమాకి 'అందరూ' వేసింది. మాస్టారు నెత్తి కొట్టుకుంటే, "పోటు సరిగ్గా పడలేదండీ, వాడు బతుకుతాడు" అంది. అదే ఎవరైనా ఒక్క దమ్ము సిగరెట్టు పీలిస్తే మాత్రం, పదహారు. బేరమే లేదు.

అమ్మ నా భోజనం సంచికి ఎర్ర బొత్తాం కుట్టింది.

"ఆఫీసులో అందరి సంచులూ ఒకేలా ఉంటే నీదేదో ఎలా తెలుస్తుందే?"

"పేరు రాసుకుంటానమ్మా."

"పేరు రాస్తే నీకు తెలుస్తుంది. నాకెలా తెలుస్తుంది?"

నువ్వు మా ఆఫీసుకి ఎందుకొస్తావని అనబోయి ఊరుకున్నాను. బళ్ళోనూ ఇంతే. నా పుస్తకాలన్నిటికీ గుడ్డ అట్టలు వేసి, ఒక్కోదానికి ఒక్కో బొత్తాం కుట్టేది. లెక్కలకు నీలం, సైన్సుకు తెల్లది, చరిత్రకు పాత కోటుది, లావుపాటిది. ఏ రోజు ఏ పుస్తకమో నేను చెబితే బొత్తాం చూసి సర్దేది. ఒక్క రోజూ తప్పు పెట్టలేదు. పిల్లలు నన్ను 'దర్జీ కొట్టు' అని పిలిచేవాళ్ళు.

పొద్దున వీధి మలుపులో బొత్తాం తెంపి జేబులో వేసుకున్నాను. సాయంత్రం అదే మలుపులో నిలబడి మళ్ళీ కుట్టుకున్నాను.

శుక్రవారం, 6

ఉద్యోగులందరికీ తలా ఒక పెట్టె ఇచ్చారు. ఇంట్లో తగిలించి ఎలా ఉందో రాసివ్వాలట. వైరు తగిలించానో లేదో, కింద వాటా వాళ్ళు ఏదో నోటీసు చదివిపెట్టమని కేకేశారు. వాళ్ళది చదివాక ఎదురింటి వాళ్ళది. తిరిగొచ్చేసరికి టీవీ చక్కగా ఆడుతోంది.

"అయిపోయింది. అది అడిగింది, మేం చెప్పాం" అంది అమ్మ.

మేం అంటే అమ్మ, బుడ్డది. అక్క కూతురు. ఏడేళ్ళు. అక్క మిల్లు నుంచి వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంటుంది. అక్షరం కనబడితే వదలదు. సబ్బు కాగితం, మందు సీసా, బస్సు వెనక ప్రకటన, ఏదైనా గట్టిగా చదవాల్సిందే. ఈ రోజు మాత్రం చేతులు కట్టుకుని, బడి ఇన్‌స్పెక్టరులా గంభీరంగా కూర్చుంది.

ఫారంలో రాశాను: 'తగిలించడం సులభం. ఎవరి సాయమూ అక్కర్లేదు.'

మంగళవారం, 10

నర్సక్క, నేను ఒకేలా గుర్తు వేసినవి వరుసగా తొమ్మిది! మేడమ్ అటుగా వెళ్తూ నా ఫారాలు చూసి "ఊఁ" అన్నారు. ఆవిడ 'ఊఁ' అనడం చాలా పెద్ద సంగతి అని మాస్టారు చెప్పారు. ఆయనకు మొదటి 'ఊఁ' ఆరు నెలలకు వచ్చిందట.

ఇంట్లో ఒక వింత. అమ్మ ఏడింటికి సీరియల్ చూస్తూ ఏడవడం మా ఇంటి గడియారం. ఆ ఏడుపు వినబడగానే నాన్న స్నానానికి లేస్తాడు. నాలుగు రోజులుగా ఆ వేళకు అమ్మ ఇంట్లో ఉండటం లేదు. చొక్కాల మూట పట్టుకుని పక్కింటి అత్త దగ్గరికి పోతోంది. అక్కడ దీపం వెలుగు బాగుందట. నాన్న స్నానం ఎనిమిదైనా కావటం లేదు.

కాజాల పని ఎక్కువైందేమో.

గురువారం, 12

బొత్తాం. తెంపాను, కుట్టాను.

సోమవారం, 16

ఈ శనివారం రాబోయే నవ్వుల నాటకం చూశాను. ప్రతి వారం వచ్చేదే. ఒక ఇల్లు, ఒక తల్లి, ఒక తండ్రి, బళ్ళో చదివే ఒక కూతురు. ఎప్పుడూ 'ఏడు' గుర్తే.

ఈ వారం ఆ తల్లి కూతురి మార్కుల కాగితం తీసుకోవడానికి బడికి వెళ్తుంది. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని "దివ్యంగా వచ్చాయండీ మార్కులు" అంటుంది. గదిలో అందరూ నవ్వుతారు. కూతురు బయట మెట్ల కింద కూర్చుని ఉంటుంది.

పదహారు వేశాను.

ఫారంలో కారణానికి ఒకే గీత ఉంటుంది. నాకు చాలలేదు. వెనక వైపు కూడా రాశాను: 'పదకొండో నిమిషం నలభయ్యో సెకను. అవమానం. చదువు రానివాళ్ళెవరూ కాగితాన్ని తలకిందులుగా పట్టుకోరు. వాళ్ళు మనకంటే జాగ్రత్తగా పట్టుకుంటారు. ముందు చేతులు తుడుచుకుంటారు. రెండు చేతులతో అందుకుంటారు. మడత పడనివ్వరు.'

దీనికీ అమ్మకూ సంబంధం లేదు. చిన్నపిల్లలు చూసి తల్లుల్ని చులకన చేస్తారని, అంతే.

మంగళవారం, 17

మాస్టారు అదే నాటకానికి 'అందరూ' వేశారు. అందరూ!

నా వైపు చూశారు. "పుస్తకం కొనుక్కున్నావా అమ్మాయ్?" అని మాత్రం అడిగారు.

కొన్నాను మాస్టారూ. రాస్తూనే ఉన్నాను. దీనికీ అమ్మకూ సంబంధం లేదు.

బుధవారం, 18

మేడమ్ పిలిచారు. బల్ల మీద నా ఫారం వెనక్కి తిప్పి ఉంది.

"ఇదంతా తెర మీద ఉందా?"

"లేదు మేడమ్."

"మరి చేతులు తుడుచుకుంటారనీ, మడత పడనివ్వరనీ నీకెలా తెలుసు?"

అమ్మ గురించి చెప్పాలి. ఒక్క మాట. గోడ మీద గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది.

"ఎవరో చెప్పగా విన్నాను మేడమ్."

"సరే. సోమవారం మీటింగులో చూద్దాం. అప్పటిదాకా నియమం ప్రకారం నీ గుర్తే నిలుస్తుంది. శనివారం నాటకం తాళం పెట్టెలున్న ఇళ్ళన్నిటా నీలమే."

నేను గెలిచినట్టే కదా.

గురువారం, 19

విన్నాను అనడం అబద్ధమేమీ కాదు. విన్నాను కూడా కదా. నీళ్ళ కుళాయిల వెనకాల నిలబడి, విన్నాను.

శనివారం, 21

ఇది మొత్తం రాయాలి. చెయ్యి నొప్పెట్టినా సరే.

సాయంత్రం అందరం ఇంట్లోనే ఉన్నాం. నవ్వుల నాటకం మొదలయ్యే వేళకు తెర నీలమైంది. లోపల హమ్మయ్య అనుకున్నాను, అది కూడా రాస్తున్నాను.

అమ్మ లేచి, "వదినకు రెండు బొత్తాలిచ్చి వస్తా" అని పక్కింటికి వెళ్ళింది.

అరగంట తర్వాత పక్కింటి గోడ అవతల్నుంచి ఒక కేక. తర్వాత ఇంకో కేక. నాన్న కంగారుగా లేచాడు. "ఏడుపా?" అన్నాడు. అలవాటు కదా. ఏడుపు కాదు, నవ్వు. అమ్మ నవ్వు. గోడ అవతల అత్త నవ్వుతోంది, దానికి పైన అమ్మ నవ్వుతోంది.

లోపలికొచ్చింది. నవ్వలేక పొట్ట పట్టుకుని గడప మీదే కూలబడింది.

"ఏమయ్యా, ఆవిడ... ఆవిడ కాగితం తలకిందులుగా పట్టుకుందయ్యా! పట్టుకుని, 'మార్కులు దివ్యంగా వచ్చాయండీ' అంటుంది!"

"ఎవరే?"

"నాటకంలో ఆవిడ. అచ్చం నేనే!"

"నువ్వెందుకవుతావమ్మా? నువ్వు అలా పట్టుకోవు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"పట్టుకున్నానే. నీ మూడో తరగతిలో."

"లేదు."

"నువ్వక్కడ ఉంటే కదా! ఎక్కడికో పారిపోయావు. పంతులమ్మగారు కాగితం ఇచ్చారు. చేతులు తుడుచుకుని తీసుకున్నాను. శ్రద్ధగా చూస్తున్నాను. ఆవిడ మెల్లగా 'అమ్మా, కొంచెం ఇటు తిప్పండి' అన్నారు. తిప్పాను. మళ్ళీ చూశాను. నాకు ముందెలా ఉందో తర్వాతా అలాగే ఉంది. అప్పుడన్నాను, 'ఎటు తిప్పినా మా అమ్మాయి పాసే కదండీ!' అని. ఆవిడ ఒకటే నవ్వు. పక్కనున్న తల్లులందరూ నవ్వు. నేనూ నవ్వాను. ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయనుకో. తర్వాత నీ లెక్కల పుస్తకం మీద నీలం బొత్తాం చూపించి ఇదేంటని అడిగితే చెప్పాను. మర్నాడు ఆవిడ హాజరు పుస్తకాల అట్టలకు కూడా ఐదు రంగుల బొత్తాలు కుట్టిపెట్టమని పంపించలా?"

పంపించింది. ఆ అట్టలు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

పధ్నాలుగేళ్ళు. కుళాయిల వెనకాల నిలబడి ఆ నవ్వు విన్నాను. అమ్మను చూసి నవ్వుతున్నారనుకున్నాను. నవ్వించింది అమ్మేనని తెలియలేదు.

"ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఆ రోజు ఇంటికొచ్చాక నీ ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు" అంది అమ్మ. కళ్ళు తుడుచుకుని, "ఆ నాటకం వాళ్ళకి మాత్రం ఆ మాట తట్టలేదు. నన్నడిగితే చెప్పేదాన్ని" అంది.

ఆదివారం, 22

నిన్న నవ్వుల హడావిడిలో నాకు తట్టలేదు. పొద్దున తట్టింది. నవ్వుల నాటకమంటే నా గుర్తు వల్ల ఆగింది. ఏడింటి సీరియల్ 'పన్నెండు' గుర్తుదే, మరి అమ్మ దానికి కూడా పక్కింటికి ఎందుకు వెళ్తున్నట్టు?

"మన టీవీలో ఆ వేళకి నీలమే వస్తోందిగా" అంది అమ్మ.

"నాకు చెప్పొచ్చు కదా!"

"మీ ఆఫీసు వాళ్ళు వద్దనుకున్నారేమో అనుకున్నాను. నీ ఉద్యోగానికి అడ్డం రావడం ఎందుకని."

పదహారు రోజులు! ఒక్క మాట అనకుండా!

బుడ్డది బల్ల కిందికి దూరింది. బయటికి లాగాను.

"పెట్టె తగిలించిన రోజు అది ఏమడిగింది?"

"'ఇంట్లో అందరికంటే చిన్నవారి వయసు ఎంత?' అని రాసింది. ఏడు అని కొట్టాను. నాకు ఏడే కదా పిన్నీ."

నిజమే. తప్పు పట్టడానికి లేదు.

"తర్వాత?"

"'నాలుగంకెల నంబరు ఎంచుకోండి' అంది. ఎంచుకున్నాను."

"ఆ నంబరేంటి?"

"చెప్పను. 'ఎవరికీ చెప్పవద్దు' అని రాసుంది."

"పిల్లలకి చెప్పొద్దని దాని అర్థం!"

"'ఎవరికీ' అని రాసుంది. కావాలంటే చదువుకో."

నాన్న అవతలికి తిరిగి భుజాలు ఊపుతూ నవ్వుకుంటున్నాడు.

"సరే, నీలం వచ్చినప్పుడు నువ్వే కొట్టి తియ్యొచ్చు కదే. అమ్మమ్మ పాపం పక్కింటికి పోతోంటే చూస్తూ కూర్చున్నావా?"

బుడ్డది తల వంచుకుంది. "అది చూస్తే అమ్మమ్మ ఏడుస్తుంది పిన్నీ. రోజూ ఏడుస్తుంది. ఏడిపించేది మంచిది కాదు కదా. అందుకే తియ్యలేదు."

దానికి ఏడేళ్ళు. నాకు ఇరవై మూడు. ఇద్దరం కలిసి మా అమ్మ టీవీకి తాళం వేశాం. చదవడం వచ్చినవాళ్ళం కదా మరి.

అమ్మ మాత్రం దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "ఓసి నా తల్లీ, నేను ఏడ్చేది సరదాకే. రోజంతా సూదితో ఉంటే కళ్ళు ఎండిపోతాయి. ఏడింటికి కాస్త తడుపుకుంటాను" అంది. చివరికి బేరం కుదిరింది. బుడ్డది చెయ్యి అడ్డం పెట్టుకుని నంబరు కొడుతుంది, అమ్మ రోజుకు రెండుసార్లకు మించి ఏడవకూడదు.

టీవీ వైపు చూస్తూ అమ్మ అంది: "దీనికి ఇంత నోరుంది. పొద్దస్తమానం వాగుతూనే ఉంటుంది. అడగాల్సింది మాత్రం రాసి అడుగుతుందేమే?"

సోమవారం, 23

బొత్తాం తెంపలేదు. మర్చిపోయాను. కాదు, మర్చిపోలేదు.

మీటింగు మొదలవకముందే లేచి నిలబడ్డాను.

"మేడమ్, మా అమ్మకు చదవడం రాదు. ఎవరో చెప్పగా విన్నానన్నది అబద్ధం. నా ఫారం కూడా తప్పే. తలకిందులుగా పట్టుకుంటారు. పట్టుకుని నవ్విస్తారు కూడా."

కొత్త ఫారం ఇచ్చాను. అందులో ఇలా రాశాను: 'తెర మీద: ఒక తల్లి, ఒక కాగితం, నవ్వు. మిగతాది నాది. వయసు: అందరూ.'

దానితో పాటు రెండో కాగితం. 'తగిలించడం సులభం, ఎవరి సాయమూ అక్కర్లేదు అని రాసింది కొట్టేయండి. మా ఇంట్లో పెట్టె అడిగినవి చదివింది ఏడేళ్ళ పిల్ల. వయసు పెట్టింది, నంబరు పెట్టింది అదే. మన పెట్టె తాళంచెవి పెద్దవాళ్ళ చేతికి ఇవ్వటం లేదు, చదవగలిగినవాళ్ళ చేతికి ఇస్తోంది. మా ఇల్లు ఒక్కటే ఇలా ఉండదు.' కింద అమ్మ మాట కూడా రాశాను: టీవీకి అంత నోరుండగా రాసి అడగడమెందుకు?

మేడమ్ రెండూ చదివారు. మళ్ళీ చదివారు.

"ఉద్యోగం తేలాల్సిన వారంలో రెండు తప్పులు నీ అంతట నువ్వే తెచ్చి బల్ల మీద పెట్టావు" అన్నారు. అది మెచ్చుకోలో మందలింపో తెలియలేదు. 'ఊఁ' మాత్రం అనలేదు.

పోతే పోయింది. లేదు, పోకూడదు.

బుధవారం, 25

నవ్వు ఆగటం లేదు, ఎలా రాయను!

'నంబరు మరిచిపోయాం, తాళం తియ్యండి' అని ఇళ్ళ నుంచి వచ్చిన చీటీలు ఒక పెద్ద కట్ట ఉంది కింద. మేడమ్ ఆ కట్ట తెప్పించి నర్సక్క ముందు పెట్టారు, ఫోన్లు చెయ్యమని. మాస్టారూ నేనూ పక్కన కూర్చుని విన్నాం.

"హలో, ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?"

"ఉన్నారు. వాళ్ళకేం చెప్పాలన్నా నాకే చెప్పాలి." చిన్న గొంతు.

"నీ వయసెంతమ్మా?"

"తొమ్మిది."

"టీవీ నంబరు మరిచిపోయారట కదా?"

"మరిచిపోలేదు. చెప్పటం లేదు."

నర్సక్క ఫోను గుండెకు ఆనించుకుని బల్ల మీద తల పెట్టేసింది. ఇంకో ఇంట్లో ఒక పిల్ల వార్తలకు తాళం వేసింది, నాన్న వాటిని చూసి అరుస్తాడని. ఒక పిల్లాడు కుస్తీ పోటీలకు వేశాడు, తాత కూర్చున్న మంచం విరగ్గొడతాడని. వాళ్ళెవరూ తప్పు చేశామని అనుకోవటం లేదు. వాళ్ళ లెక్క ప్రకారం ఇంట్లో పెద్దవాళ్ళను జాగ్రత్తగా పెంచుతున్నారు.

సాయంత్రానికి పెట్టెల ఇంజనీరు పైకొచ్చాడు. చీటీలు చూసి, నా రెండో కాగితం చూసి, గడ్డం గోక్కుంటూ, "నోరుంది. నిజమే, నోరుంది. మాకెందుకు తట్టలేదు?" అన్నాడు.

మాస్టారు అన్నారు: "మీ ఇళ్ళల్లో అందరూ చదువుకున్నవాళ్ళే కదయ్యా. అందుకే."

శుక్రవారం, 27

సోమవారం అమ్మను ఆఫీసుకు తీసుకురమ్మన్నారు మేడమ్. మాట్లాడే పెట్టె ఒకటి తయారవుతోందట, చదవడం రానివాళ్ళతో పరీక్షించి చూడాలట.

అమ్మకు చెప్పాను. "అమ్మో, నేనెందుకే" అంది. ఒక నిమిషం ఆగి, "ఏం కట్టుకోను?" అంది.

రెండు రోజులుగా ఏదో కుడుతోంది. ఈ రోజు చూపించింది. రిమోటుకు గుడ్డ తొడుగు! పది అంకెలకూ పది కాజాలు, ఒక్కో కాజాలోంచి ఒక్కో అంకె బయటికి చూస్తోంది. పక్కనే చిన్న చిన్న బొత్తాలు, ఒకదానికి ఒకటి పోలిక లేకుండా. ముత్యంలాంటిది, రెండు కన్నాలది, నాలుగు కన్నాలది, ఇత్తడిది. ఇంజనీరు చెప్పినట్టు పెట్టె వెనక మీట నొక్కి పాత నంబరు చెరిపేశాను. అమ్మ మమ్మల్నందరినీ గోడ వైపు తిరగమంది. తిరిగాం, నాన్నతో సహా. నాలుగుసార్లు టిక్కుమంది.

"ఏం నంబరమ్మా?"

"ఎవరికీ చెప్పొద్దని రాసుందటగా" అంది అమ్మ.

బుడ్డది మళ్ళీ బల్ల కిందికి దూరింది.

సోమవారం, 30

వయసు గదిలో నాలుగో కుర్చీ వేశారు. అమ్మ దాని అంచున కూర్చుంది. సంచిలో తొడుగు, ఒళ్ళో సంచి. ఆ సంచికీ ఒక ఎర్ర బొత్తాం. నా దానికీ, తన దానికీ, ఒకేలాంటివి. మాస్టారు చూసి, "ఇదేంటమ్మా, జంట బొత్తాలు?" అంటే, "మా పిల్ల తప్పిపోకుండానండీ" అంది.

పెట్టెకు నర్సక్క గొంతు పెట్టారు. "కంగారు పడకండి. ఇంట్లో చిన్నవారి వయసు ఎంతో అన్ని సార్లు పచ్చ మీట నొక్కండి. నొప్పి ఉండదు" అంటుంది. ఆ చివరి మాట తీసేద్దామని ఇంజనీరు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు, ఆ మాట వింటేనే ధైర్యంగా ఉందట. ఉంచేశారు. మొత్తం పని మూడున్నర నిమిషాల్లో ముగించింది. ఒక్కరి సాయం లేదు. మా గడియారంలో నేనే చూశాను. ఇంజనీరు ఆ తొడుగును అటూ ఇటూ తిప్పి, ఇలాంటివి యాభై కుట్టిస్తారా అని అడిగాడు. "కాజాకు ఇంత అని ఉంటుంది బాబూ, పని పదిళ్ళ ఆడవాళ్ళకు పంచే ముందు బేరం మాట్లాడాలి" అంది అమ్మ. మా అమ్మ!

అప్పుడు మేడమ్ లేచి ఒక కవరు తెచ్చారు. నా వైపు వస్తున్నారనుకున్నాను. నన్ను దాటి అమ్మ దగ్గరికి వెళ్ళారు.

"మీ అమ్మాయిది. మీ చేతికే ఇద్దామని."

నర్సక్క నేల చూస్తోంది. అమ్మకు చదవడం రాదని అందరికీ తెలుసు, ఆ కాగితంలో ఏముందో నాకు తెలియదు. చెయ్యి చాచి తీసుకోబోయాను.

అమ్మ నా చెయ్యి పక్కకు జరిపింది. రెండు చేతులూ ఒళ్ళో తుడుచుకుంది. కవరు చింపకుండా విప్పింది. కాగితం మడత తీసి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. ఒక క్షణం చూసింది. తర్వాత, నేను చూస్తుండగానే, మెల్లగా, శ్రద్ధగా, దాన్ని తలకిందులు చేసింది. కళ్ళు చిట్లించి పై నుంచి కింది దాకా చూసింది.

"దివ్యంగా వచ్చాయండీ మార్కులు" అంది.

ముందు పగలబడి నవ్వింది మాస్టారు. తర్వాత నర్సక్క కుర్చీలోంచి దాదాపు జారిపోయింది. మేడమ్ పళ్ళు నేను మొదటిసారి చూశాను. అమ్మ భుజం మీదుగా, తలకిందులైన అక్షరాల్లోనే, 'ఉంచుకుంటున్నాం' అన్న మాట నాకు కనబడింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"కొంచెం ఇటు తిప్పండమ్మా" అన్నారు మాస్టారు, కళ్ళు తుడుచుకుంటూ. ఆయనకు మా కథేమీ తెలియదు. బడి పంతులు కదా, ఆ మాట అలవాటు.

అమ్మ నా వంక చూసింది. అప్పటి తన జవాబు నన్నే చెప్పమన్నట్టు కళ్ళెగరేసింది.

"ఎటు తిప్పినా పాసే కదండీ" అన్నాను.